పగటిపూట ఆడే చెయ్యి

ఎనభై నాలుగు వేసింది మెహ్‌నాజ్ ఆ మనిషికి. మొహం చూసింది లేదు, పేరు తెలియదు, ఆడదో మగవాడో కూడా ఎవరూ చెప్పలేదు, అయినా ఆడదేనని తీర్మానించుకుని, మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డప్పటి నుంచీ రేటింగు వేస్తూనే ఉంది. నడకకు ఎనభై ఐదు. రంగుకు ఎనభై రెండు. ఇంగ్లీషు ముక్కలు రాకుండా ఉంటాయా, డెబ్బై. పరాయిదాని మొగుడి ఫోను తీసి ఆడే తెగువకు తొంభై తొమ్మిది, అంతకు మించి వేయడానికి ఆటలో వీల్లేదు కాబట్టి. అన్నీ కలిపి సగటు తీస్తే ఎనభై నాలుగు తేలింది. తనకు యాభై ఎనిమిది వేసుకుంది, అదీ దయతలచి. ఎత్తు తక్కువ, ఒళ్ళు కొంచెం ఎక్కువ, పట్టుగూళ్ళు ఉడికే వేడినీళ్ళలో పొద్దస్తమానం నాని ముడతలు పడ్డ వేళ్ళు. ఎవరో చూస్తున్నట్టు ఆ వేళ్ళను కొంగు కింద దాచుకుంది. ఎవరూ చూడటం లేదు. బస్సు టమోటా మార్కెట్టు దగ్గర లారీల మధ్య ఇరుక్కుని హారను కొడుతోంది, పక్క సీటు పెద్దామె తమలపాకుల సంచి ఒళ్ళో పెట్టుకుని అప్పుడే కునుకు తీస్తోంది, కండక్టరు ఆధారు కార్డు చూసి సున్నా టికెట్టు చింపిస్తూ కుప్పంలో ఎవరున్నారమ్మా అని మాటవరసకు అడిగాడు. మా ఇంటాయన అంది. ఇంటాయన! ఏ ఇంటికి ఆయనో పోతే కదా తెలిసేది.

అత్త ఫిర్దౌస్‌తో మాత్రం పుంగనూరు పోతున్నానని చెప్పింది, అమ్మకు మోకాళ్ళ నొప్పులని. అమ్మ మోకాళ్ళు రాతిస్తంభాలు, ఆ సంగతి అత్తకూ తెలుసు. మాట పడనివ్వకపోవడంలో ఆమెకు తొంభై, గుచ్చి అడగడంలో తొంభై రెండు, కానీ ఈ పొద్దెందుకో అడగలేదు, కోడలి మొహం చూసి చింతకాయ తొక్కు కట్టిచ్చింది, అమ్మకివ్వమని. ఆ తొక్కు డబ్బా ఇప్పుడు సంచిలో అబద్ధంలా బరువుగా ఉంది. పోనీ. అబద్ధాలు తానొక్కతే ఆడుతోందా? ఆయన ఎన్ని ఆడలేదు? మనోళ్ళు గెలిచినారు అని రోజూ ఫోనులో చెప్పే ఆ ఒక్క మాటలో ఎన్ని అబద్ధాలున్నాయో, ఎన్ని నెలల అబద్ధాలున్నాయో. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ పొగ కూడా రాలేదు, అదీ ఆయన గొప్పతనం. జాహిద్‌కు ఇన్నాళ్ళూ అరవై ఆరు వేసి ఉంచింది మెహ్‌నాజ్. నమ్మకం కింద మాత్రం తొంభై ఒకటి. ఆ ఒక్క అంకె వల్లనే అరవై ఆరైనా వచ్చింది మహానుభావుడికి.

ఫోను ఆటలో వాళ్ళిద్దరి జట్టు పేరు పుంగనూరు పొట్టెద్దులు. ఆ పేరు వెనక ఒక మంట ఉంది. పెళ్ళయిన కొత్తలో జాహిద్ తరఫు ఆడవాళ్ళు ఆమె ఎత్తు చూసి, పుంగనూరు నుంచి మనోడు పొట్టావును తోలుకొచ్చినాడని పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కొత్తకోడలు ఏం చేస్తుంది నవ్వక. నెల తిరక్కుండానే జాహిద్ ఫోనులో ఒక ఫుట్‌బాల్ ఆట వేసుకున్నాడు, రెండు రోజులు ఆడి విసుగొచ్చి పక్కన పడేశాడు, ఆమె తీసి చూసింది. కొత్తగా చేరినవాళ్ళకు ఆట ఊరికే పదకొండు మందిని ఇస్తుంది, ఒక్కడూ పనికొచ్చేవాడు కాదు, అందరూ యాభైకి అటూ ఇటూ. మిగతా జనం డబ్బులు కట్టి తొంభై రేటింగు వాళ్ళను కొనుక్కుని ఆ పదకొండు మందిని చెత్తలో పారేస్తారు. మెహ్‌నాజ్‌కు వాళ్ళను చూస్తే జాలేసింది, జాలి కాదు, తన మీద నవ్విన నవ్వే వాళ్ళ మీదా నవ్వుతున్నారనిపించింది. వీళ్ళతోనే ఆడదాం అంది. అరవై ఐదు దాటినవాణ్ణి కొనేది లేదు, ఉన్నవాళ్ళను పెంచుకుందాం అని నియమం పెట్టింది. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అని ఊరకే అన్నారా? పై అంకె చూడకూడదు, అది సగటు, సగటు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది, లోపలికి పోయి ఒక్కో గుణం విడివిడిగా చూడాలి. యాభై రెండు వాడికి బంతి అందించే నేర్పు డెబ్బై ఎనిమిది ఉంటుంది, కాళ్ళలో వేగం లేక అంకె పడిపోయి ఉంటుంది, వాణ్ణి పరిగెత్తనవసరం లేని చోట నిలబెడితే వాడే రాజు. ఇదంతా ఆమె మంచం మీద బోర్లా పడుకుని చెబుతుంటే జాహిద్ ఊఁ కొడుతూ, పై అంకె ఎంత అని అడిగేవాడు. ఎప్పుడూ అంతే. పై అంకె ఎంత? నీకిష్టం లేకపోతే ఆడొద్దు జీ అంటే, ఆడితే నువ్వు పక్కన కూర్చుంటావు కదా అనేవాడు. ఆ మాట నాలుగేళ్ళు చక్కెరలా చప్పరించుకుంది. ఇప్పుడు బస్సులో అదే మాట నోట్లోకి తెచ్చుకుంటే ఏదో చేదు తగిలింది, ఎందుకో తెలియలేదు, కిటికీలోంచి ఉమ్మేయబోయి పెద్దామె నిద్ర చెడుతుందని మింగేసింది.

ఉగాదికి ముందు ఆయనకు కుప్పంలో గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీలో పని దొరికింది. వారానికోసారి కూడా రావడానికి కుదరదు, ఆదివారాలే రాళ్ళు ఎక్కువ కోస్తారట. పోయే ముందు ఇద్దరూ జట్టును పంచుకున్నారు. ఆ ఆటతో ఒక తిరకాసుంది, ఒకే జట్టును రెండు ఫోన్లలో పెట్టుకోవచ్చు గానీ ఒకేసారి తెరవకూడదు, ఒకరు తెరిస్తే రెండోవాళ్ళను బయటికి నెట్టేస్తుంది. అందుకని పగలు ఆయనకు, రాత్రి ఈమెకు. మధ్యాహ్నం పిల్లోళ్ళకు కసరత్తు చేయించాలి, ఒక మ్యాచి ఆడించాలి, ఒక్క పూట తప్పితే వాళ్ళ ఒంట్లో బలం తగ్గిపోతుంది. మధ్యాహ్నం ఆమె చేతులు రీలింగు తొట్టిలో ఉంటాయి, గూటి లోంచి దారపు కొస దొరకబుచ్చుకుంటూ, ఆ తడిసిన వేళ్ళు ఫోనుకు అంటనే అంటవు. ఒక్క పూట కూడా తప్పకూడదని ఆయనతో నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

అలా మొదలైంది అసలు సంసారం, సిగ్గు విడిచి చెప్పాలంటే. పక్కన ఉన్నన్నాళ్ళు పై అంకె అడిగిన మనిషి, దూరం పోయాక జట్టుతో మాట్లాడటం నేర్చుకున్నాడు. మొదట ఆమే మొదలుపెట్టింది. అత్తతో గొడవైన రోజు వెనకాల ముగ్గుర్నే నిలబెట్టి మిగిలిన అందర్నీ ముందుకు తోలింది, వచ్చేది రానీ అన్నట్టు, నాలుగు గోల్సు తిని ఏడుపు మొహంతో పడుకుంది. మర్నాడు రాత్రి తెరిచి చూస్తే జట్టు చక్కగా సర్ది ఉంది, వెనక ఐదుగురు, ఆ ఐదుగురిలో నడిమధ్యన మెహ్‌నాజ్ అని ఆమె తన పేరే పెట్టుకున్న పొట్టిదానికి అటూ ఇటూ బలమైన వాళ్ళు ఇద్దరు, ఏడవొద్దు మేమున్నామని. జ్వరమొచ్చి రెండు రాత్రులు ఆట తెరవని వారం, అలిసిన వాళ్ళందరూ బెంచీ మీద విశ్రాంతి తీసుకుంటున్నారు, కెప్టెన్ పట్టీ పొట్టిదాని చేతికి ఉంది. పండక్కి రాలేనని ఆయన ఫోను చేసి చెప్పిన రాత్రి ఆమె కోపంతో జట్టు బట్టలు నల్లరంగుకు మార్చేసింది, మర్నాడు చూస్తే తెల్లవి, మల్లెపూలలాంటి తెలుపు. ఫోనులో మాత్రం ఆయన మామూలే. తిన్నావా, తిన్నా, అమ్మీ ఎట్లుంది, మనోళ్ళు గెలిచినారు, పెట్టేస్తా. ఎంత బాగా సర్దినారు జీ అని ఆమె అంటే, ఏదో తోచింది అని మాట తప్పించేవాడు. సిగ్గుపడుతున్నాడు పిచ్చిమారాజు అనుకుని మురిసిపోయింది. పెళ్ళయిన నాలుగేళ్ళకు మొగుణ్ణి ప్రేమించింది మెహ్‌నాజ్. రీలింగు తొట్టి ముందు తనలో తాను నవ్వుకుంటుంటే పక్క తొట్టి ఈరమ్మ, ఏందే కడుపా అని అడిగింది కూడా.

ఇక అఫ్రోజ్ సంగతి. అఫ్రోజ్ అంటే ఆమె కడుపున పుట్టనివాడు, అంతే తేడా. నలభై తొమ్మిది అంకెతో వచ్చిన ఎడమకాలి పిల్లోడు, పేరు ఆమే పెట్టింది. జాహిద్ ఎన్నిసార్లు చెప్పాడో వీణ్ణి అమ్మేద్దామని, వీడి పై అంకె చూడు, యాభై కూడా లేదని. అమ్మలేదు. రెండేళ్ళు సాకింది. ఎడమకాలివాడు కాబట్టి ఎడమ అంచునే నిలబెట్టింది, అక్కడ వాడు పరిగెత్తీ పరిగెత్తీ గీత దాటిపోయేవాడు తప్ప గోలు కొట్టిన పాపాన పోలేదు. వానాకాలంలో ఒక రాత్రి తెరిస్తే అఫ్రోజ్ కుడి అంచున ఉన్నాడు. తప్పు జరిగిందనుకుంది. దిద్దబోయి, ఎందుకో ఆగి, ఆడించి చూసింది. కుడివైపు నుంచి లోపలికి తిరిగేసరికి బంతి వాడి ఎడమకాలికి తనంత తానే వచ్చి పడింది, ఎనభై ఆరు రేటింగు జట్టు మీద రెండు గోల్సు కొట్టాడు. నవ్విన నాపచేనే పండింది. ఆ రాత్రి ఆమె నిజంగా ఏడ్చింది, అత్త లేచి ఏమైందే అని దీపం వేసేంతగా. తన బిడ్డను తనకంటే బాగా చూసినవాడు ఒకడున్నాడు, వాడు తన మొగుడే అని ఏడ్చింది. తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా కారం పూసినట్టుంది. ఏ ముండ చెయ్యో అది. ఏ ముండ నా పిల్లోణ్ణి అటు మార్చింది!

పుంగనూరు వచ్చేసింది. బస్సు బస్టాండులోకి తిరిగింది, పెద్దామె మేలుకుని సంచి ఎత్తుకుని దిగిపోయింది, ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. ఇక్కడ దిగితే నాలుగు వీధుల అవతల అమ్మ మరియం ఇల్లు. దిగి, తొక్కు డబ్బా ఇచ్చి, పప్పులో కలుపుకుని తిని, అబద్ధాన్ని నిజం చేసుకుని సాయంత్రానికి వెనక్కి పోవచ్చు. పోతే ఏమవుతుంది, పగలు ఎవరో ఆడతారు, రాత్రి తాను ఆడుతుంది, ఫోనులో మనోళ్ళు గెలిచినారంటాడు. లేవబోయింది కూడా. ఇంతలో శుక్రవారం గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. పోయిన శుక్రవారం. మామూలుగా శుక్రవారాలు కూడా రీలింగు యూనిట్టు సాయంత్రం దాకా నడుస్తుంది, ఆ రోజు బాయిలరు చెడిపోయి పొద్దున్నే పంపేశారు. చేతులు పొడిగా ఉన్న మధ్యాహ్నం ఎన్నాళ్ళకొచ్చిందో, ఒక్కసారి పిల్లోళ్ళను చూద్దామని తెరిచింది, చూస్తుండగానే ఆట ఆమెను బయటికి నెట్టేసింది, మీ జట్టును ఇంకొక ఫోనులో తెరిచారని. నవ్వొచ్చింది. మొగుడు తలుపు తోసుకుని వచ్చినట్టు అనిపించింది. రాత్రి ఫోనులో ఆ సంగతే చెప్పి ఆటపట్టిద్దామని కాచుకుని ఉంటే, ఆమె నోరు తెరిచేలోగా ఆయనే మొదలుపెట్టాడు, ఈ రోజు రాయి కోసే బ్లేడు విరిగిందని, లంచుకు కూడా వదల్లేదని, పొద్దున గేటు దగ్గర అప్పజెప్పిన ఫోను చీకటి పడ్డాకనే చేతికొచ్చిందని. గేటు దగ్గర అప్పజెబుతారా అంది. ఎప్పుడూ అంతేగా, లోపలికి ఫోన్లు పోనీయరు, అన్నాడు. అని, మనోళ్ళు గెలిచినారు అన్నాడు.

మరి మధ్యాహ్నం తెరిచిందెవరని ఆ రాత్రే అడిగేస్తే తేలికయ్యేది, కానీ అసూయ అనేది మింగుడుపడని ముద్ద, బయటికి రాదు లోపలికి పోదు. నిన్న రాత్రి ఒక పరీక్ష పెట్టింది. అఫ్రోజ్‌ను ఏ కారణమూ లేకుండా బెంచీ మీద కూర్చోబెట్టి, వాడి చోట ఒక చవటను పెట్టింది. వాళ్ళ భాషలో అంతకంటే పెద్ద కేక లేదు, నాకేదో అయింది చూడవయ్యా అని. జాహిద్‌కు ఆ భాష వస్తే తెల్లారేసరికి ఫోను చేసి తీరాలి. తెల్లారి చేశాడు. టిఫిను తిన్నావా అని అడిగాడు.

బస్సు పలమనేరు దారి పట్టింది. గాలికి కళ్ళు మండుతున్నాయి, గాలికేనని అనుకుంది. అటు గుట్టలు, ఇటు మామిడి తోటలు, ఆపకుండా వెనక్కి పోతున్నాయి. ఆ ఎనభై నాలుగు మనిషి ఇప్పుడు చీర కట్టింది, వాలుజడ వేసింది, జాహిద్ పక్కన కూర్చుని ఫోను చూపిస్తోంది, ఆయన వంగి చూస్తున్నాడు, పై అంకె ఎంత అంటున్నాడు. అక్కడ ఆగిపోయింది మెహ్‌నాజ్ ఊహ. బొమ్మ కదలనంది. పై అంకె ఎంత అని అడిగే మనిషి అఫ్రోజ్‌ను కుడివైపుకు ఎట్లా మారుస్తాడు? ఈ ప్రశ్న ఆమెకు ఇన్ని నెలలు రాలేదు. రానివ్వలేదు. ఆ ఐదుగురిని వెనక నిలబెట్టింది ఆయన కాదు. తెల్లబట్టలు తొడిగింది ఆయన కాదు. శుక్రవారం నాడు ఎవరో ఒక్కసారి ఫోను తెరిచారని కదా తాను బయల్దేరింది? ఒక్కసారి కాదు. మొదటి నుంచీ. తాను ప్రేమించిన మనిషి ఆయన కాదు. ఛీ ఛీ, ఏం మాటలివి, అనుకుని మళ్ళీ గబగబా ఆ ఆడదాన్ని తిట్టడం మొదలుపెట్టింది, జడ ఇంకొంచెం పొడుగు చేసింది, రేటింగు ఎనభై ఏడుకు పెంచింది. మొగుణ్ణి లాక్కున్న ఆడదయితే తిట్టడానికి మాటలున్నాయి, పిన్నమ్మలు నేర్పిన మాటలు. ఆ రెండో సంగతికి, తాను ప్రేమించింది మొగుణ్ణి కాదన్నదానికి, మాటలు లేవు.

కుప్పంలో దిగి ఆటో మాట్లాడుకుంది. ఊరి బయట, వరసగా రాళ్ళ షెడ్లు, రోడ్డంతా తెల్లటి దుమ్ము. ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న గది, గదికి కిటికీ, కిటికీ వెనక చెక్క అరల్లో నంబరు బిళ్ళలు కట్టిన ఫోన్లు పావురాళ్ళలా కూర్చుని ఉన్నాయి. వాటి ముందు ఒక అమ్మాయి. కళ్ళద్దాలు, నూనె తల, వెలిసిపోయిన చుడీదారు, మొహాన మొటిమలు. మెహ్‌నాజ్ ఎగాదిగా చూసింది. యాభై ఐదు. గట్టిగా తోస్తే యాభై ఏడు. ఎనభై ఏడు చేతిలో ఓడిపోతే పరువైనా దక్కేది, దీనికా! ఆ అమ్మాయి చేతిలో జాహిద్ ఫోను ఉంది, మూల పగిలిన అద్దం, ఆమే తొడిగించిన నీలం కవరు. బొటనవేళ్ళు రెండూ దాని మీద ఎంత నిదానంగా కదులుతున్నాయంటే, గూటిలోంచి దారం తీసే చేతులైనా అంత నిదానంగా కదలవు. తెర మీద పచ్చటి మైదానం. కుడి అంచున అఫ్రోజ్.

"ఆ ఫోను ఎవురిది?" అంది మెహ్‌నాజ్.

"జాహిదన్నది. అన్న డ్యూటీలో ఉండాడు, గంట కొట్టినాక వస్తాడు," అంటూ తలెత్తిన అమ్మాయి, ఆమెను చూసి, ఫోను మొదటి తెర మీద రోజూ చూసే ఫొటోను గుర్తుపట్టి, గబుక్కున లేచి నిలబడింది. "మెహ్‌నాజక్కా? నేను సౌమ్యనక్కా. రాండి, లోపలికి రాండి."

మెహ్‌నాజ్ కదల్లేదు. దారి పొడుగునా పోగు చేసుకున్న మాటలన్నీ నాలుక చివరకు వచ్చి నిలబడ్డాయి. అవి బయట పడేలోగా సౌమ్యే అడిగింది.

"నిన్న రాత్రి అఫ్రోజును యాల బయట కూసోబెడ్తిరక్కా? పొద్దన చూసి బయపడితి. మనసు బాగలేదా?"

ఆ మాటలన్నీ పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. మనసు బాగలేదా అని ఇంట్లో అత్త అడగలేదు, ఫోనులో మొగుడు అడగలేదు, ఈ మొటిమల పిల్ల అడిగింది, ఫోన్లు కాపలా కాసే పిల్ల. సౌమ్య చెప్పుకుపోతోంది, ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్న మాటలు కాబోలు. ఆయన పనిలో చేరిన వారానికే, రోజూ మధ్యాహ్నం ఒకసారి తెరిచి మూసేయమ్మా, తప్పితే మా ఆమె ఒప్పుకోదు అని ఇచ్చాడట. కొన్నాళ్ళు తెరిచి మూసిందట. తర్వాత మూయబుద్ధి కాలేదట. అక్కకు కోపమొస్తే వెనకాల ముగ్గుర్నే పెడుతుందని, సంతోషంగా ఉంటే ముసలి గోల్‌కీపరును కూడా ఆడిస్తుందని, జట్టు ముట్టుకోని రెండు రాత్రులూ ఒంట్లో బాగలేదని, అన్నీ జట్టును చూసే తెలుసుకుందట. ఈ గదిలో పొద్దుననుంచి సాయంత్రం దాకా మాట్లాడే మనిషి ఉండరట. "మీరు రాత్రి ఏం మార్చినారో సూడాలని ఉరుక్కుంటా వస్తానక్కా పొద్దన్నే," అంది. అని, ఆమె మొహంలో ఏదో చూసి, తగ్గిన గొంతుతో, "అన్న చెప్పినాడు కదా మీకు?" అంది.

"ఆఁ. చెప్పినాడు," అంది మెహ్‌నాజ్.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. ఈ పిల్ల ముందు మొగుడి పరువు నిలబెట్టడానికా, తన పరువుకా. కళ్ళు అరల్లోని ఫోన్ల మీద నిలిపి నిలబడింది. ఈ పిల్లను కొట్టాలని ఉంది. ఈ పిల్లను కావలించుకోవాలని ఉంది. ఈమె జాహిద్‌ను కన్నెత్తి చూసి ఉండదు, ఆ సంగతి ఈ రెండు నిమిషాల్లోనే తెలిసిపోయింది, అయినా అసూయ చల్లారలేదు, ఇల్లు మారింది అంతే. ఈ పిల్ల మీద కాదు. మరి ఎవరి మీద? రీలింగు తొట్టి ముందు తనలో తాను నవ్వుకున్న ఆ ఆడదాని మీద. పోయిన శుక్రవారం దాకా బతికిన ఆ మెహ్‌నాజ్ మీద. ఎంత సుఖపడింది అది! రాత్రి దుప్పటి ముసుగులో ఫోను వెలుతుర్లో, మొగుడు తన మనసు ఇంతగా కనిపెట్టాడని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది అది, తాను కాదు. ఆ సుఖం దానికే దక్కింది, దాంతోనే పోయింది, ఇంక తనకు రాదు.

గంట కొట్టారు. షెడ్ల లోంచి తెల్లటి రాతిపొడి కప్పుకున్న మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు, అందరి జుట్టూ నెరిసినట్టుంది, అందరూ ముసలివాళ్ళలా ఉన్నారు. వాళ్ళలో జాహిద్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, మొహం మీది తువ్వాలు తీయకుండానే కిటికీలోకి ఒక చెయ్యి చాచాడు.

"ఈ పొద్దు గెలిచినామా సౌమ్యా?"

సౌమ్య నోరు తెరిచింది గానీ మెహ్‌నాజ్ ముందు పలికింది. "ఓడిపోయినాం."

తువ్వాలు దిగింది. పెళ్ళాన్ని చూసిన జాహిద్ మొహం ఎంతగా వెలిగిందంటే, ఆ వెలుగులో కల్తీ వెదుకుదామన్నా దొరకలేదు. తెలుగు వదిలేసి ఇంటి ఉర్దూలోకి దిగిపోయాడు, ఎప్పుడొచ్చావు, చెప్పలేదేం, అమ్మీ ఎట్లుంది, ఎండలో నిలబడ్డావా, ఆ సంచి ఇటివ్వు. సంచి లాక్కుని, తొక్కు వాసన పట్టి, అమ్మీ పంపిందా అని పిల్లవాడిలా నవ్వాడు. మంచివాడు. నమ్మకానికి వేసిన తొంభై ఒకటిని ఇప్పటికీ తగ్గించడానికి లేదు, ఒక్కరోజు తప్పనివ్వకుండా తెరిపించాడు మరి. ఆ మంచితనమే ఆమెను గుండెల్లో గుద్దినట్టు గుద్దింది. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, ఏడ్చి, నలుగుర్ని పిలిచి, గెలిచేది.

కిటికీ వెనక సౌమ్య చేతిలోని తెర మీద ఆ పూట ఆట అప్పుడే ముగిసింది. మూడు గోల్సు తమవి, ఒకటి ఎదుటివాళ్ళది. మూడూ అఫ్రోజే కొట్టాడు, పొట్టెద్దులు చిందులేస్తున్నాయి. సౌమ్య తెరను చూసింది, మెహ్‌నాజ్‌ను చూసింది, మెహ్‌నాజ్ కూడా చూసింది. సౌమ్య ఫోను ఆర్పి, బిళ్ళ విప్పి జాహిద్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

"ఓడితే ఓడినాంలే," అన్నాడు గేటు దాటుతూ, భుజం మీద సంచి సర్దుకుని. "ఆకలైతాండాదా నీకు? స్టేషన్ కాడ పరోటా బాగుంటాది."